రాగి నాణేలు - సామాన్యుని చరిత్ర

పాత ఇంటి అటక మీద దుమ్ముపట్టిన డబ్బాలోనో, అమ్మమ్మగారి భోషాణం అడుగున పసుపు గుడ్డ ముడిలోనో, ఎప్పుడో ఒకప్పుడు మన కంట కొన్ని నల్లని రాగి బిళ్ళలు పడుతుంటవి. వాటిని చూడగానే ఇంట్లో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తవి. “ఇవి ఎప్పుడో చెల్లిపోయినవి, పాత సామానువాడికి వేయండి” అని ఒకరంటారు. “పాతకాలపు నాణేలు, లక్షలు పలుకుతాయట” అని మరొకరంటారు. ఈ రెండు మాటలూ సరైనవి కావు. మొదటి మాట వల్ల చరిత్రకు ఆధారమైన వస్తువు కొలిమి పాలవుతున్నది. రెండవ మాట వల్ల అమాయకులు మోసగాళ్ళ పాలవుతున్నారు. రాగి నాణెం నిజమైన విలువ ఏమిటో, దానిని ఎలా చదవాలో, ఎలా కాపాడుకోవాలో తెలుసుకొంటే ఈ రెండు నష్టాలూ తప్పుతవి.

నాణెం మన జేబులోకంటే ముందుగా మన భాషలో స్థిరపడినది. ధనమనే అర్థంలో మనం నిత్యం వాడే ‘డబ్బు’ ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. ‘దుడ్డు’, ‘కాసు’, ‘పైసా’ కూడా అటువంటివే. మేలిమి గలదానిని ‘నాణ్యమైనది’ అంటాము. ఆ మాటకు మూలం కూడా నాణెమే. లోహం స్వచ్ఛమైనది, తూకం సరియైనది అయితేనే నాణెం చెల్లుతుంది. ఆ గుణమే క్రమంగా అన్ని వస్తువులకూ వర్తించినది. రూపాయికి పదహారు అణాలున్న కాలంలో లోపం లేని సంపూర్ణతకు ‘పదహారణాలు’ గుర్తయినది. అణాలు పోయి ఎన్నో ఏళ్ళయినా ‘పదహారణాల తెలుగుదనం’ నిలిచే ఉన్నది. ఖచ్చితమైన లెక్కను ‘అణాపైసలతో సహా’ అని నేటికీ చెబుతాము. ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అనే సామెతలోని దమ్మిడీని చూసినవారు నేడు అరుదు. మాట మిగిలినది, వస్తువు కనుమరుగైనది. ఆ వస్తువును తిరిగి చేతిలోకి తీసుకొని చూడటమే నాణేల సేకరణలోని మొదటి ఆనందం.

చరిత్ర గ్రంథాలలో బంగారు నాణెం ఎక్కువగా కనిపిస్తుంది. శ్రీనాథ మహాకవికి ప్రౌఢదేవరాయల ఆస్థానంలో కనకాభిషేకం జరిగిన ఘట్టం తెలుగువారందరికీ సుపరిచితమే. ఆనాడు కవి శిరస్సుపై రాలినవి బంగారు టంకాలు. అదే దేవరాయల పేర ఏనుగు బొమ్మతో రాగి నాణేలు కూడా వెలువడినవి. వాటిని గురించి ఏ కవీ చెప్పలేదు. సంతలో ఉప్పు కొన్నదీ, కూలివాని చేతిలో సాయంత్రం పడినదీ, కోవెల ముందు బిచ్చగాని పాత్రలో మ్రోగినదీ రాగి నాణెమే. బంగారాన్ని సంపన్నులు దాచుకొన్నారు, రాజులు కరిగించి తిరిగి పోయించుకొన్నారు. రాగి మాత్రం అరిగిపోయేదాకా చేతులు మారినది. నాణెం మీది గీతలు నునుపెక్కి, అక్షరాలు మాసిపోయి ఉన్నవంటే, అది వేలమంది చేతుల స్పర్శకు సాక్ష్యం. అందువల్ల బంగారు నాణేన్ని రాజుల చరిత్ర అనుకొంటే, రాగి నాణేన్ని సామాన్యుని చరిత్ర అనవచ్చును.

రాగి నాణెం ఇచ్చే సాక్ష్యానికి మరొక ప్రత్యేకత ఉన్నది. బంగారు, వెండి నాణేలు వర్తకుల వెంట దూరదేశాలకు పోతవి. చిన్న విలువ గల రాగి నాణెం సాధారణంగా తాను పుట్టిన ప్రాంతాన్ని దాటి చాలా దూరం పోదు. కనుక ఒకచోట ఒక రాజు పేరుగల చిన్న నాణేలు విరివిగా దొరికితే, ఆ ప్రాంతపు అంగళ్ళలో ఆయన నాణెం చెల్లిందని ఊహించడానికి బలమైన ఆధారం లభిస్తుంది. మన ప్రాచీన చరిత్రలో ఇందుకు చక్కని ఉదాహరణ కోటిలింగాల. తెలంగాణలో గోదావరి ఒడ్డున ఉన్న ఈ గ్రామం పూర్వపు కరీంనగర్ జిల్లాలోనిది, నేటి జగిత్యాల జిల్లాలోనిది. ఇక్కడ దొరికిన నాణేలపై గోభద, నారన, కంవాయ, సమగోప వంటి పేర్లు కనిపించినవి. ఈ పేర్లు అంతకు మునుపు చరిత్రకారులకు తెలియనివి. పురాణాలు సాతవాహన వంశ మూలపురుషునిగా చెప్పిన చిముకుని పేరుగల నాణేలు కూడా ఇక్కడ లభించినవి. ప్రముఖ శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వీటిని అధ్యయనం చేసి లోకానికి తెలిపినారు. పొలం గట్లపైన, ఏటి ఒడ్డున వాన వెలిసిన తరువాత కనిపించే చిన్న చిన్న బిళ్ళలను స్థానికులు శ్రద్ధగా ఏరి భద్రపరచి ఉండకపోతే, తెలుగు నేల తొలి పాలకుల పేర్లు కొన్ని మనకు తెలిసేవి కావు.

సాతవాహనులు సీసంతోను, రాగితోను, రాగి తగరం సీసం కలిసిన మిశ్రమ లోహంతోను విరివిగా నాణేలు ముద్రించినారు. వారి కొన్ని సీసపు నాణేలపై తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ ఉన్నది. తూర్పు తీరపు సముద్ర వాణిజ్యం వారికి ఎంత ముఖ్యమో చెప్పడానికి ఆ ఒక్క బొమ్మ చాలు. యజ్ఞశ్రీ శాతకర్ణి వంటి రాజుల వెండి నాణేలపై ఒకవైపు ప్రాకృతం, మరొకవైపు ద్రావిడ భాష కనిపిస్తవి. నాణెం యుద్ధవార్తను కూడా మోసుకొస్తుంది. 1906లో మహారాష్ట్రలోని నాసిక్ సమీపాన జోగల్‌తంబి వద్ద 13,000కు పైగా వెండి నాణేల నిధి బయటపడినది. అవి క్షహరాట రాజైన నహపానునివి. వాటిలో 9,000కు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించినాడు. ఓడిన రాజు ముఖం మీదనే గెలిచిన రాజు గుర్తు పడినది. ఆ విజయాన్ని శాసనం ఒకచోట చెబితే, ఈ నాణేలు అంగడి అంగడికీ చాటినవి.

పూర్వం నాణేలు ముద్రించే స్థలాన్ని టంకశాల అనేవారు. అక్కడి పని విధానం తెలిస్తే, పాత రాగి నాణెం ఎందుకు వంకరటింకరగా ఉంటుందో అర్థమవుతుంది. రాగిని కరిగించి కడ్డీలుగా పోసి, వాటిని తూకం ప్రకారం ముక్కలుగా తరిగేవారు. బొమ్మను, అక్షరాలను కుడియెడమలు తారుమారుగా చెక్కిన ఉక్కు అచ్చులు రెండు ఉండేవి. క్రింది అచ్చును దిమ్మెలో బిగించి, దానిపై రాగి ముక్కనుంచి, పై అచ్చును పట్టుకొని సుత్తితో మోదేవారు. ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క నాణెం. ఏ రెండు దెబ్బలూ ఒకే తీరుగా పడవు. పైగా గోలకొండ కుతుబ్ షాహీల కాలంలోను, ఆ తరువాతి కాలంలోను అచ్చు పెద్దదిగా, రాగి ముక్క చిన్నదిగా ఉండేది. అందువల్ల అచ్చులోని అక్షరాలలో సగమే నాణెంపై పడేవి. ఒక నాణెంలో రాజు పేరు ఉంటే, మరొకదానిలో ఊరి పేరు, ఇంకొకదానిలో సంవత్సరం ఉంటుంది. ఒకే రకం నాణేలు నాలుగైదు చేర్చి చూస్తేనే వాక్యం పూర్తవుతుంది. ఒక్క నాణేన్ని చూసి ‘అరుదైనది’ అని మురిసిపోవడం కంటే, పది మామూలు నాణేలను ప్రక్క ప్రక్కన పేర్చి చదవడంలో జ్ఞానం ఎక్కువ. ఇది సేకర్త నేర్చుకోవలసిన మొదటి పాఠం.

గోలకొండ సుల్తానుల నాణేలలో అధిక భాగం రాగివే. అబ్దుల్లా కుతుబ్ షా కాలపు రాగి నాణెం ఒకటి చూపరులను ఆలోచింపజేస్తుంది. 1656లో మొగలు సేనలు ఔరంగజేబు నాయకత్వాన గోలకొండను ముట్టడించినవి. భారీగా ధనం చెల్లించి సుల్తాను సంధి చేసుకొన్నాడు. ఆ తరువాత హిజ్రీ 1068వ సంవత్సరంతో, అనగా క్రీస్తుశకం 1657-58 నాటి తేదీతో, హైదరాబాదు టంకశాల నుండి వెలువడిన రాగి నాణెంపై ‘మేలుతోను, సౌభాగ్యంతోను ముగిసినది’ అనే భావం గల మాటలు ఉన్నవి. సాధారణంగా నాణెంపై రాజు తన ఘనతను చాటుకొంటాడు. ఇక్కడ మాత్రం ముగింపును గూర్చిన మాట కనిపిస్తున్నది. గోలకొండ రాజ్యం 1687లో అంతరించినది. అరచేతిలో పట్టే చిన్న రాగి ముక్కపై ఒక రాజ్యపు దిగులు ఇలా నిలిచిపోయినది.

ఐరోపా వర్తకుల రాకతో మన రాగి నాణేల కథ సముద్రాలు దాటినది. మచిలీపట్నం, భీమునిపట్నం వంటి రేవులలో స్థావరాలు ఏర్పరచుకొన్న డచ్చివారి కంపెనీ తన పేరులోని మూడు అక్షరాలను పెనవేసిన గుర్తును రాగి నాణేలపై వేసినది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కొరకు, అనగా నేటి కోస్తా ఆంధ్ర ప్రాంతం కొరకు, 1794, 1797 సంవత్సరాలతో రాగి నాణేలు ముద్రింపజేసినది. అవి ఇక్కడి టంకశాలలో పుట్టినవి కావు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం వద్ద సోహో అనే చోట మాథ్యూ బౌల్టన్ నెలకొల్పిన ఆవిరి యంత్రాల టంకశాలలో తయారైనవి. సుత్తిదెబ్బ నాణేలకు అలవాటుపడిన మన రైతు చేతికి తొలిసారిగా గుండ్రని, ఒకే తీరైన యంత్రపు నాణెం వచ్చినది. ఆ నాణెంపై ‘రూపాయికి 48’ అని, చిన్నదానిపై ‘రూపాయికి 96’ అని ఇంగ్లీషులో వ్రాసి ఉన్నది. ఈ మాటలకు గల కారణం గ్రహించదగినది. ఆ రోజులలో రాగి నాణెం మారకపు ధర ఊరూరికీ, రోజురోజుకూ మారేది. శిస్తు కట్టే సమయంలో రాగి ఇచ్చి వెండి తీసుకోవలసిన వారు షరాబు చెప్పిన లెక్కకు తలవంచక తప్పేది కాదు. నాణెంపైనే మారకపు రేటును ముద్రించడం ఆ అస్థిరతకు ఒక హద్దు ఏర్పరచే ప్రయత్నం.

మద్రాసు కొరకు అదే సోహోలో 1803లోను, 1808లోను మరికొన్ని రాగి నాణేలు తయారైనవి. వాటి విలువను 20 క్యాష్, 10 క్యాష్ అని పేర్కొన్నారు. ఈ ‘క్యాష్’ మన దక్షిణాది ‘కాసు’ నుండి పోర్చుగీసువారి ద్వారా వచ్చిన మాట. నగదు అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే ‘క్యాష్’ మాత్రం ఐరోపా భాషలలోని పెట్టె అనే అర్థం గల మాట నుండి పుట్టినది. రెండూ ఒకే తీరుగా వినిపించడం యాదృచ్ఛికం. 1808 నాటి ఈ రాగి నాణేలను మోసుకొని మద్రాసుకు బయలుదేరిన ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోని గుడ్విన్ ఇసుకదిబ్బల వద్ద తుఫానులో మునిగిపోయినది. 1980లలో గజ ఈతగాళ్ళు ఆ ఓడ శిథిలాల నుండి లక్షల సంఖ్యలో నాణేలు వెలికితీసినారు. మన సంతలలో అరగవలసిన ఆ నాణేలు సముద్రగర్భంలో నూట డెబ్బై ఏళ్ళకు పైగా నిద్రించి, ఒక్కసారీ చెల్లకుండానే పురావస్తువులైనవి. అరిగిన నాణేనికీ, అరగని నాణేనికీ గల భేదం ఇక్కడ స్పష్టమవుతుంది. అరగని నాణెం అందంగా ఉంటుంది. అరిగిన నాణెం బ్రతికి వచ్చినది.

1835లో కంపెనీ పాలిత ప్రాంతాలన్నింటికీ ఒకే నాణేల పద్ధతి వచ్చినది. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు, కానీకి 3 పైలు. ఈ లెక్కన రూపాయికి 64 కానులు, 192 పైలు. నాటి పావు అణా, అనగా కానీ, 100 గ్రెయిన్ల రాగితో, దాదాపు ఆరున్నర గ్రాముల బరువుతో ఉండేది. 1906 నుండి రాగికి బదులు కంచు వాడినారు, బరువు కూడా తగ్గించినారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లోహపు కొరత తీవ్రం కావడంతో 1943లో నడుమ రంధ్రం గల చిన్న నాణెం వెలువడినది. మన పెద్దలు దానిని ‘చిల్లు కానీ’ అన్నారు. దాని బరువు సుమారు 2 గ్రాములు మాత్రమే. 1835 నాటి కానీని, 1943 నాటి చిల్లు కానీని ప్రక్క ప్రక్కన ఉంచి చూడండి. పేరు ఒకటే, విలువ ఒకటే. రాగి మాత్రం మూడింట ఒక వంతుకు దిగినది. ఆర్థిక శాస్త్ర గ్రంథం పేజీలలో వివరించే విషయాన్ని ఈ రెండు నాణేలు ఒక్క చూపులో చెబుతవి.

హైదరాబాదు సంస్థానంలో నిజాములు తమ సొంత నాణేలు నడిపినారు. తొలినాటి వారి రాగి పైసలు మందంగా, మూలలు తేలి, కడ్డీ నుండి తరిగిన ముక్కలవలె ఉండేవి. 1903లో సైఫాబాదులో నెలకొన్న టంకశాల నుండి యంత్రపు నాణేలు వెలువడినవి. తెలంగాణ పెద్దలు సంస్థానపు నాణేన్ని ‘హాలీ సిక్కా’ అని, బ్రిటిషు నాణేన్ని ‘కల్దారు’ అని వ్యవహరించేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. పొలిమేర దాటి పెళ్ళికో, తిరునాళ్ళకో పోవాలన్నా ఈ లెక్క తెలియనిదే సాగేది కాదు. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత హాలీ సిక్కా క్రమంగా తొలగిపోయినది. సైఫాబాదులోని ఆ పాత టంకశాల భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల ఏర్పడినది.

స్వతంత్ర భారతదేశం 1950లో విడుదల చేసిన తొలి నాణేలలో పరుగెత్తే గుర్రం బొమ్మ గల కంచు పైసా ఒకటి. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి, రూపాయి 100 నయాపైసలుగా విభజింపబడినది. పాత అణా సరిగా ఆరుంపావు నయాపైసలు. ఆ పావు పైసాకు నాణెం లేదు. కనుక ఒక అణాకు 6, రెండు అణాలకు 12, మూడు అణాలకు 19, నాలుగు అణాలకు 25 నయాపైసలని ప్రభుత్వం పట్టిక ప్రకటించినది. ఒక అణా మార్చుకొన్నవారు పావు పైసా పోగొట్టుకొన్నారు, మూడు అణాలు మార్చుకొన్నవారు పావు పైసా పొందినారు. 25 పైసలను మనం ‘పావలా’ అనడానికి ఈ సమీకరణమే మూలం. మొదటి నయాపైసా కంచుతో తయారైనది. 1964లో ‘నయా’ అనే మాటను తొలగించినారు, ఆ తరువాత పైసా అల్యూమినియం రూపం ధరించినది. 2011 జూన్ 30తో 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలన్నీ చెలామణి నుండి వైదొలగినవి.

నాణేలతోపాటు కలిసి కనిపించే బిళ్ళలను వేరుచేసి గుర్తించాలి. నాణెం ప్రభుత్వపు మాట. బిళ్ళ ఒక సంస్థ మాట, లేదా ఒక భక్తుని నమ్మకం. తేయాకు తోటల యజమానులు కూలీలకు కొంతకాలం లోహపు బిళ్ళలతో వేతనం ముట్టజెప్పినారు. అవి తోటలోని అంగడిలో తప్ప బయట చెల్లవు. అటువంటి బిళ్ళను చూసినప్పుడు దాని వెనుక ఉన్న శ్రామికుని నిస్సహాయత కూడా మనకు గోచరించాలి. సీతారాముల పట్టాభిషేకం బొమ్మగల రామటంకాలు పూజామందిరాలలో ఉంచుకొనే బిళ్ళలు. అవి ఏనాడూ అంగడిలో చెల్లిన నాణేలు కావు. వాటికి భక్తిపరమైన విలువ, కళాపరమైన విలువ ఉన్నవి. వాటిని రాముని కాలపు నాణేలనడం మాత్రం అజ్ఞానం.

సేకరణ మొదలుపెట్టదలచిన విద్యార్థికి పెద్ద పెట్టుబడి అవసరం లేదు. ఒక భూతద్దం, చిన్న తూకపు యంత్రం, కొలబద్ద, ఒక నోటు పుస్తకం చాలును. నాణేన్ని అంచులతో పట్టుకోవాలి. బొమ్మను, బొరుసును, అంచును విడివిడిగా పరిశీలించాలి. బరువు, వ్యాసం, లోహపు రంగు, అక్షరాలు ఏ లిపివో వ్రాసుకోవాలి. ఏటవాలుగా పడే వెలుతురులో చూస్తే మాసిన గీతలు కూడా తేలుతవి. నాణెంపై హిజ్రీ సంవత్సరం ఉంటే, దానిని సుమారుగా మార్చుకోవడానికి సులభమైన లెక్క ఉన్నది. చాంద్రమాన సంవత్సరం చిన్నది కనుక, హిజ్రీ సంఖ్యలో నూటికి మూడు వంతులు తగ్గించి 622 కలపాలి. ఉదాహరణకు హిజ్రీ 1312లో నూటికి మూడు చొప్పున 39 తీసివేస్తే 1273. దానికి 622 కలిపితే 1895. అసలు సంవత్సరం 1894-95. వీటన్నింటికంటె ముఖ్యంగా వ్రాయవలసినది, ఆ నాణెం ఎక్కడ దొరికినది, ఎవరి నుండి వచ్చినది అనే వివరం. దొరికిన చోటు తెలియని నాణెం చిరునామా లేని ఉత్తరం వంటిది. అందులోని మాట చదవగలము గాని, ఎవరు ఎవరికి వ్రాసినారో తెలుసుకోలేము.

మన ఇళ్ళలో రాగి నాణేలకు జరిగే అతిపెద్ద అపకారం ప్రేమతోనే జరుగుతుంది. నల్లబడిన నాణేన్ని చూసి, ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండుతో తోమి తళతళలాడిస్తారు. చింతపండులోని ఆమ్లం మురికిని మాత్రమే కాక, రాగి ఉపరితలాన్ని కూడా తినివేస్తుంది. గాలితోను, నేలతోను ఏళ్ళ తరబడి సంబంధం వల్ల రాగిపై ఏర్పడిన నల్లని లేదా ముదురు ఆకుపచ్చని గట్టి పొర దానికి కవచం వంటిది. ఆ పొర పోతే నాణెం వయస్సుకు సాక్ష్యం పోతుంది. సన్నని గీతలు అరిగిపోతవి. క్రొత్త రాగి మళ్ళీ త్వరగా చెడిపోతుంది. సేకర్తల దృష్టిలో తోమిన నాణెం విలువ ఎంతో పడిపోతుంది. అయితే కిలుములో అన్నీ ఒకటి కావు. లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా రాలే మచ్చలు కనిపిస్తే, అది ఉప్పుకు సంబంధించిన క్లోరైడ్‌ల వల్ల వచ్చిన జబ్బు. తేమ తగిలినకొద్దీ అది లోతుకు పాకుతుంది. అటువంటి నాణేన్ని వెంటనే మిగిలినవాటి నుండి వేరుచేసి, పొడిగా ఉంచి, తెలిసినవారికి చూపించాలి. సేకరించిన నాణేలను ఒకదానిపై మరొకటి రాసుకోకుండా, తేమ తగలని చోట, ఆమ్లం లేని కాగితపు పొట్లాలలో విడివిడిగా ఉంచడం ఉత్తమం.

ఇక ధర విషయం. పాతదయినంత మాత్రాన నాణెం ఖరీదైనది కాదు. రెండువేల ఏళ్ళనాటి మామూలు నాణెం కొద్ది మొత్తానికి లభించవచ్చును. వంద ఏళ్ళు నిండని అరుదైన నాణెం ఎంతో ఎక్కువ పలుకవచ్చును. ఎన్ని ముద్రించినారు, ఎన్ని మిగిలినవి, ఎంత చక్కగా ఉన్నది, ఎందరు కోరుతున్నారు అనే నాలుగు ప్రశ్నలపై ధర ఆధారపడి ఉంటుంది. 1835 నాటి పావు అణా, 1943 నాటి చిల్లు కానీ నేటికీ విరివిగా దొరుకుతవి. వాటికి లక్షలు వస్తాయన్న మాట నమ్మదగినది కాదు. 1818 సంవత్సరం, ఈస్టిండియా కంపెనీ పేరు, హనుమంతుడు లేదా లక్ష్మీదేవి బొమ్మ గల పెద్ద రాగి బిళ్ళలు ఎన్నో ఇళ్ళలో ఉన్నవి. కంపెనీ అటువంటి రాగి అణాలను ఆ సంవత్సరంలో ముద్రించలేదు. అవి తరువాతి కాలంలో తయారైన బిళ్ళలు.

ఇంతకంటె ప్రమాదకరమైనది ‘బియ్యాన్ని లాగే నాణెం’ పేరిట సాగే మోసం. పిడుగుపాటుకు గురైన పాత రాగి నాణేనికి లేక పాత్రకు అద్భుతశక్తి ఉంటుందని, బియ్యపు గింజలు దానికి అతుక్కొంటాయని, విదేశీ సంస్థలు కోట్లు ఇచ్చి కొంటాయని నమ్మించి, పరీక్షల ఖర్చులని, బయానా అని అడిగి డబ్బు గుంజుతారు. రెండు తెలుగు రాష్ట్రాలలోను ఇటువంటి మోసాలలో పొలాలు అమ్ముకొన్నవారు, అప్పులపాలైనవారు ఉన్నారు. పాఠశాలలో నేర్చిన చిన్న సంగతి ఒక్కటి గుర్తుంటే ఈ వల తెగిపోతుంది. రాగిని అయస్కాంతం ఆకర్షించదు. బియ్యం కూడా అయస్కాంతానికి అంటదు. గింజలు నాణేనికి అతుక్కొన్నవంటే బిళ్ళలో అయస్కాంతమైనా దాగి ఉండాలి, గింజలకు ఇనుప రజనైనా పట్టించి ఉండాలి. నాణెంలో ఉన్న శక్తి చరిత్రను చెప్పే శక్తి ఒక్కటే.

సేకర్తకు చట్టం కూడా తెలిసి ఉండాలి. పొలం దున్నేటప్పుడో, పునాది త్రవ్వేటప్పుడో పది రూపాయల విలువకు మించిన నిధి బయటపడితే, ఆ విషయాన్ని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం ఆదేశిస్తున్నది. చాలామంది భయంతో నిధిని దాచి, రహస్యంగా పంచుకొని, కరిగించివేస్తారు. నిజానికి ఆ చట్టం కనుగొన్నవారిని దొంగగా చూడదు. వారికి, స్థలం యజమానికి గల హక్కులను గుర్తిస్తుంది. ప్రభుత్వం నిధిని తీసుకోదలిస్తే లోహపు విలువకు ఐదవ వంతు చేర్చి చెల్లించాలని కూడా చెబుతున్నది. దాచినవారికే శిక్ష. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వంద ఏళ్ళు నిండిన నాణేలు పురావస్తువులు. వాటిని వ్యక్తులు దేశం దాటించడం నేరం. నిధి విడిపోకుండా ఒకేచోట ఉంటే, ఏ రాజు నాణేలతో ఏ రాజు నాణేలు కలిసి ఉన్నవో చూసి కాలాన్ని నిర్ణయించవచ్చును. పదిమంది పంచుకొన్న మరుక్షణం ఆ అవకాశం శాశ్వతంగా పోతుంది. కరిగించిన రాగికి కొద్దిపాటి ధర వస్తుంది. కరిగిన చరిత్రను మాత్రం ఏ ధరకూ తిరిగి కొనలేము.

పాత నాణేలను చూడదలచినవారు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలను, సైఫాబాదు టంకశాల ప్రదర్శనశాలను సందర్శించవచ్చును. అయితే అంతకంటె ముందుగా మన ఇంటిలోని పెద్దలను అడగడం మంచిది. తాతగారి చేతిలో ఒక చిల్లు కానీని ఉంచి, దానితో ఆనాడు ఏమి కొనేవారని ప్రశ్నించండి. మరమరాల పొట్లం గుర్తుకు రావచ్చును, బడికి నడిచిన దారి గుర్తుకు రావచ్చును, తండ్రి కష్టం గుర్తుకు రావచ్చును. ఆ మాటలను కూడా నాణెం ప్రక్కనే వ్రాసి ఉంచండి. శాతకర్ణి విజయాన్ని తెలిపే నాణేలు ప్రదర్శనశాలలలో భద్రంగానే ఉన్నవి. మన తాతముత్తాతల చేతులలో అరిగిన రాగి కాసును, దానితో ముడివడిన జ్ఞాపకాన్ని భద్రపరచవలసిన బాధ్యత మాత్రం మనదే.